గద్ద గూడు కింద ఆగమ్మ కోళ్లు

మా శాలిబండ గల్లీల ఆగమ్మ ఇల్లెక్కడ అని కొత్తోళ్లు అడిగితే, "అగో, ఆ వేపచెట్టు. పైన గద్ద గూడు ఉంటది, కింద కోళ్లు తిరుగుతుంటయి. గదే" అని చెప్పేటోళ్లం. విన్నోళ్లు మేం ఎక్కిరిస్తున్నమనుకొని మా మొఖాలు చూసేటోళ్లు. గద్ద గూడు కింద కోళ్లేంది? ఎవరన్న పెంచుతరా? పెంచింది. ఆగమ్మ పెంచింది. దాచి పెట్టి కాదు, నడిమిట్ల వాకిట్ల, ఎండల, ఆకాశం కింద పెంచింది.

ఆగమ్మ పెనిమిటి ఝట్కా తోలెటోడు. శాలిబండ చౌరస్తా కాడ నిలబడి సవారీల కోసం పిలుస్తుంటే ఆ గొంతు మా వంటింట్ల దాక వినొచ్చేది. ఓ వానకాలం జ్వరమొచ్చి పోయిండు. పిల్లలు లేరు. మరిది వచ్చి ఆగమ్మను మాదన్నపేటకు తోల్కపోయిండు. మరిది మంచోడే. తోటికోడలు కూడ చెడ్డదేం కాదు. అన్నానికి కరువు లేదు. కాని ఆ ఇంట్ల పొయ్యి తోటికోడలిది. ఏ పూట ఏం వండాలె, ఉప్పెంత వెయ్యాలె, ఎవరు తిన్నంక ఎవరు తినాలె, అన్నీ ఆమె చెప్పాలె, ఈమె వినాలె. ఇన్నేండ్లు తన చేతి కూర తను తిన్న మనిషికి అది ఎట్ల మింగుడు పడ్తది?

ఓ పొద్దుగాల పొదుగు మీదున్న పెట్టను, దాని కింది గుడ్లను గంపల పెట్టుకొని, గంప నెత్తిన పెట్టుకొని నడుసుకుంట శాలిబండకు వచ్చింది. సీదా వామన్‌రావు గారి వాకిట్లకు పోయింది. ఆ వాకిలి చివర్ల ఓ కొట్టం ఉన్నది. ఆమె పెనిమిటి గుర్రాన్ని కట్టేసిన కొట్టమే.

"బాపూ, గుర్రం లేదు, గుర్రాన్ని తోలెటోడు లేడు. కొట్టం ఉత్తగ పడున్నది. నేనుంట" అన్నది.

వామన్‌రావు గారు నయాపూల్ కాడి కచేరీల గుమాస్తా. తొందరగ అవునన్న మాట అనడు, తొందరగ కాదన్న మాట కూడ అనడు. పెట్టను చూసిండు, గంపను చూసిండు, చెట్టును చూసిండు.

"పైన గద్ద గూడు పెట్టింది, చూసినవా?" అన్నడు.

"చూసిన బాపూ."

"అయినా ఉంటవా?"

"అది పైన, నేను కింద. దానికి నాకు పంచాయితేంది?"

వాకిలి రోజూ ఊడ్వాలె, లొల్లి లేకుండ ఉండాలె అని రెండు మాటలు చెప్పి ఆయన లోపలికి పోయిండు. గంత తొందరగ ఒప్పుకున్నడని ఆయన భార్యే నమ్మలేదు. ఆ మాపటికి కొట్టం ముంగట మూడు రాళ్లు, రాళ్ల మీద కుండ, కుండల పప్పు. ఆ పప్పు వాసనకే నేను వాకిట్ల అడుగుపెట్టిన. మా ఇల్లు ఎదురుంగనే. మా ఇంటాయన గుళ్లె పూజ చేసెటాయన, మా ఇంట్ల గుడ్డు పేరు కూడ ఎత్తరు. అయినా ఆనాటి సంది ఆగమ్మ పెట్టల్ల ఏది ఎప్పుడు పొదుగుకు కూసున్నదో నన్నడిగితే చెప్పేదాన్ని. కోడి గురించి తెలుసుకుంటె మైల ఏమొస్తది?

ఇప్పుడు ఆ గద్ద మాట చెప్తే తప్ప ఆగమ్మ కథ నడవదు.

నేను ఈ గల్లీకి కోడలుగ వచ్చిన్నాడు మా ఇండ్ల ఎనుక ఓ నవాబు దేవిడీ, కోటంత మహలు, ఉండేది. దేవిడీ ఎనుక తోట. మామిడి, నేరేడు, చింత. తోటంటె మామూలు తోట కాదు, పట్టపగలు కూడ లోపల మబ్బు మబ్బుగ ఉండేది. ఆ ఆకుల్ల డేగలుండేవి. గద్ద లెక్క పెద్దగుండదు డేగ. కాకి కంటె కూడ చిన్నది. కాని ఆకు చాటున గుడ్లురిమి కూసొని, రాయి విసిరినట్టు వచ్చేది. గోరింక అరిచెలోపల గోరింక ఉండకపోయేది. ఆ రోజులల్ల ఈ గల్లీల కోడిపిల్లను పెంచిన మొగోడు లేడు. గద్దలు కూడ ఉండేవి, కాని ఎక్కడో పైన ఆకాశంల, ఈగల్లెక్క.

పోలీస్ యాక్షన్ అయినంక దేవిడీ అమ్ముడుపోయింది. మొదలు చింతలు పోయినయి కట్టెల మండికి, తర్వాత మామిడ్లు. తోట ముక్కలు ముక్కలయ్యి ముక్కకో ఇల్లు లేచింది. ఇండ్లు లేస్తె మనుషులు రారా? మనుషులొస్తె కసాయి దుకాణాలు రావా? ఒక్క ఖాదర్ భాయ్ దుకాణం ఉన్న చోట వరుసగ నాలుగైనయి. మూల మీద చెత్తకుప్ప గుట్టంత లేచింది.

డేగ ఎల్లిపోయింది. అది దొంగ లెక్క కద, దాక్కోనికి తావు లేకుంటె దాని దందా నడువదు. గోరింకలు మాత్రం పోలేదు. మా దూలాల సందులల్లకు, వెంటిలేటర్లల్లకు వచ్చి కాపురం పెట్టినయి. చిలుకలు దేవిడీ పాత గోడ బొక్కలల్ల చేరినయి. గద్దలేమో పై నుంచి కిందికి దిగినయి. చెత్తకుప్ప మీద, కసాయి దుకాణాల కప్పుల మీద కూసునుడు మొదలుపెట్టినయి. కసాయోళ్లు కోసి పక్కకు పారేసే నరాలు, పొరలు, కొవ్వు ముక్కలను ఛీఛడాలంటరు. గవి పొద్దుగాలనే దొరుకుతుంటె ఇగ ఏ గద్ద ఎలుక కోసం పొద్దంత తిరుగుతది? ఒక జంట వామన్‌రావు గారి వేపచెట్టు మీద గూడు పెట్టింది. ఆ దగ్గర్ల మిగిలిన పెద్ద చెట్టు అదొక్కటే మరి.

గుడ్లు పగిలి మొదటి ఈడు పిల్లలు లేచినప్పుడు ఆగమ్మ వాటిని పొద్దంత గంప కిందనే ఉంచేది. ఓనాడు పక్కింటి మేక వచ్చి గంపను పొడిచింది. గంప దొర్లిపోయి పిల్లలన్నీ వాకిలంత పడ్డయి. ఆగమ్మ "అయ్యో" అనుకుంట ఉరికింది. నేను మా అరుగు మీదికెళ్లి పైకి చూసిన. గద్ద కొమ్మ మీదనే ఉన్నది. కాలి కింద ఏదో పేగు ముక్క పెట్టుకొని లాగి లాగి తింటున్నది. కింద పిల్లలను చూసింది. మల్ల తల దించి పేగు లాగుకున్నది.

అంతల మా గోడ మీదికెళ్లి కాకి దిగింది. ఓ పిల్ల దిక్కు గెంతింది. అప్పుడు చూడాలె! పైన గద్ద పేగు ఇడిసిపెట్టి, రెక్కలు ముడిసి, కాకి నెత్తి మీద పడ్డది. కాకి అరుసుకుంట మా ఇంటి మీదికెళ్లి పారిపోయింది.

"చూసినవా గోదమ్మా!" అని ఆగమ్మ ఎగిరింది. "నా పిల్లల మీద ఈగ వాలనిస్తలేదు!"

"నీ పిల్లల కోసం కాదే. కాకేమో గుడ్లు తినే జాతి. పైన దాని గుడ్లు దానికున్నయి కద. చెట్టు కిందికి కాకి వస్తె ఊకుంటదా?"

"ఏ కాదు. నేను వాకిలి ఊడ్సి చెట్టుకు నీళ్లు పోస్తున్న కద. దానికి తెలుసు."

"గద్దకు నీ నీళ్ల లెక్క ఏడ తెలుసు?"

"తెలుసు గోదమ్మా. నీకే తెల్వది."

ఈ పంచాయితి మా ఇద్దరి నడిమిట్ల ఎన్నడు తెగలేదు. నేను చదివిన నాలుగో తరగతి పుస్తకంలనైతే గద్దకు, కోడిపిల్లకు పుట్టుపగ అని ఉండేది. మా వేపచెట్టు కింద ఆ పగ ఎక్కడ పోయిందో ఆ పుస్తకం రాసినాయన వచ్చి చూస్తె బాగుండు. కాకులు రావు, పిల్లి వచ్చినా చెట్టు మొదలు దాక వచ్చి పైకి చూసి మర్లిపోతది. ఇంకో విచిత్రం, ఆ గద్ద గూడు అడుగున పుల్లల సందుల్ల ఊరపిచ్చుకలు గూడు కట్టుకున్నయి. పైన గద్ద పిల్ల, కింద పిచ్చుక పిల్లలు. ఎవరి కిచకిచలు వాళ్లవే.

అట్ల రెండు ఎండకాలాలు నడిచినయి. ఆగమ్మ పెట్టలు పెరిగినయి. గుడ్లు గల్లీల, పిల్లలు మాదన్నపేట కూరగాయల మార్కెట్ కాడ అమ్మేది. మరిది అప్పుడప్పుడు వచ్చి, "ఇగ చాలు వదినా, ఇంటికి నడువు, ఒక్కదానివి ఎన్నొద్దులు?" అనేటోడు. "కోళ్లున్నన్ని ఒద్దులు" అనేది ఆగమ్మ.

నాగమణమ్మ మనుమనికి జ్వరమొచ్చింది గా నడుమనే. మా గల్లీ కొసకు పెద్ద మిద్దె నాగమణమ్మది. ఒక్కగానొక్క మనుమడు, తల్లి లేదు. పోరడు ఎండిపోయి పుల్లలెక్క అయిండు. దవాఖాన అయింది, మొక్కులైనయి. జ్వరం దిగింది కాని నాగమణమ్మ భయం దిగలేదు. ఖాదర్ భాయ్ బేగం చెప్పింది ఆమెకు: "సద్కా ఇవ్వమ్మా. గోష్ తీస్కో, పోరని నెత్తి చుట్టు తిప్పు, నయాపూల్ కాడ గద్దలకు వెయ్యి. మీదికొచ్చిన బలా గద్ద ఎత్తుకపోతది." గోష్ అంటె మాంసం, బలా అంటె కీడు. మనం ఉప్పు, మిరపకాయలు తిప్పి దిష్టి తీసినట్టే వాళ్లది సద్కా. నయాపూల్ మీద అది నేను గూడ చూసిన. పొట్లం విప్పి ముక్క పైకి విసిరితే కింద పడకముందే గద్ద అందుకుంటది.

నాగమణమ్మ ఒకసారి పోయొచ్చింది. పోరడు తేటగ అయిండు. ఇగ ఆమెకు నమ్మకం కుదిరింది, వారం వారం ఇయ్యాలనుకున్నది. కాని ఎండల పోరన్ని అంత దూరం తిప్పుడెందుకని మోకాళ్లు అడిగినయి. "గద్ద ఎక్కడైనా గద్దే కద" అనుకొని శుక్రవారం శుక్రవారం తన మిద్దె మీదనే ఇచ్చుడు మొదలుపెట్టింది.

మంచి మాట గల్లీల ఆగుతదా? ఒకామె బిడ్డకు కాన్పు కష్టమని వచ్చింది. ఒకామె కొడుకు కోర్టు కేసని వచ్చింది. పక్క గల్లీ నుంచి కూడ పొట్లాలు పట్టుకొని వచ్చిండ్రు. నాగమణమ్మ మిద్దె ఇంకో నయాపూల్ అయింది.

గద్దలకు చెప్పాల్నా? ఎక్కడెక్కడియో వచ్చి పిట్టగోడ మీద వరుసగ కూసునేవి. మా వేపచెట్టు జంట మొదట్ల వాటిని తరిమింది. ఒకటొస్తె తరుముతది, రెండొస్తె తరుముతది, దండు వస్తె? చెట్టు చుట్టున్న జాగ కాపాడుకునుడే వాటికి కష్టమైంది.

ఇండ్ల మీది గద్దలు మనిషి చెయ్యి చూడంగనే కిందికొచ్చుడు నేర్చినయి. చేతుల ఏమున్నదో వాటికెందుకు? వామన్‌రావు గారి భార్య వాకిట్ల కూసొని మురుకులు వత్తుతుంటె పీట మీదికెళ్లి పిండి ముద్ద లేపుకపోయింది ఒకటి. నేను మిరపకాయ బజ్జీల పళ్లెం పట్టుకొని మెట్లెక్కుతుంటె నా చెవి పక్కనుంచి గాలి కొట్టింది, చూస్తె పళ్లెంల ఒకటి తక్కువ. "కారానికి దాని నోరు మండాలె" అని తిట్టిన. శుక్రవారం నాడు ముక్కలు దొరుకుతయి, మిగతా రోజులు దొరకవు. ఆ మిగతా రోజులల్ల ఆ గద్దలు వాకిండ్ల దిక్కు చూసేవి. వాకిట్ల కదిలేది, మెత్తగుండేది, చేతికందేది ఏముంటది?

ఆగమ్మ కోడిపిల్ల పోయింది. మర్నాడు ఇంకోటి పోయింది.

అప్పుడున్న పిల్లలు గులాబి రంగువి. కాముని పున్నానికి హోళీ ఆడంగ మిగిలిన రంగు నీళ్లల్ల కలిపి ఆగమ్మ వాటిని ముంచి తీసింది. మార్కెట్ల చిన్నపిల్లలు తల్లుల చెంగు పట్టి ఏడ్సి మరీ అవే కొనిపిస్తరని. వాకిలంత గులాబి పూలు ఉరికినట్టు ఉండేది. ఇప్పుడు ఆ పూలు రోజుకింత తగ్గుతున్నయి. ఆగమ్మ మల్ల గంప బోర్లించింది. కాని ఎండకాలం గంప కింద ఎంతసేపు పెడ్తవు? పిల్లలు తలలు వాలేస్తుండె.

గల్లీ అంత ఒక్కటే మాట: గద్ద ఏడున్నది? వేపచెట్టు మీదున్నది. ఆగమ్మనే పాలు పోసి పెంచింది. అనుభవించనీయి.

మురుకుల పిండి పోయిన ఇల్లు కాబట్టి వామన్‌రావు గారు ఇగ ఊకోలేకపోయిండు. ఆదివారం పొద్దుగాల ఆగమ్మను పిలిచిండు. మేమంత అరుగుల మీద చేరినం.

"ఆగమ్మా, గూడు తీపిస్తున్న. భిక్షపతికి చెప్పిన, నిచ్చెన తెస్తడు."

"వద్దు బాపూ. గూడు పోతె నా కోళ్లు పోతయి."

"గూడుంటేనే పోతున్నయి కద!" అని అరుగుల మీదికెళ్లి ఎవరో అన్నరు. అందరు నవ్విండ్రు.

"ఈ గద్ద కాదు బాపూ ఎత్తుకపోయేది. వేరేవి."

"గద్దల మొఖాలు గుర్తువడ్తవా నువ్వు?" అన్నడు వామన్‌రావు గారు.

నేనూకోలేదు. "అన్నా, మొన్న నేను మిద్దె మీద వడియాలు పెడ్తున్న. పిల్లను లేపిన గద్ద చెట్టు దిక్కు రానే లేదు. చార్మినార్ మీదికెళ్లి మూసీ దిక్కు పోయింది. నా కండ్లతోటి చూసిన."

"గద్దకు తొవ్వ తెల్వదా గోదమ్మా? అటు పోయి మల్ల ఇటు వస్తది. చూడు ఆగమ్మా, ఇది మా ఇల్లు, నలుగురు నన్నడుగుతున్నరు. గూడు తీస్త. అయినా గద్దలు పోలేదనుకో, అప్పుడు గద్దలను పిలుస్తున్నది నీ కోళ్లనే అనుకోవాలె. అప్పుడు కోళ్లు కూడ వద్దు."

కోళ్లు వద్దంటె కొట్టం వద్దన్నట్టే. కొట్టం లేకుంటె మాదన్నపేట, తోటికోడలి పొయ్యి. ఈ మాట విన్నోళ్లందరికి తెలుసు. ఎవరు నవ్వలేదు.

ఆగమ్మ కొంగు నడుముకు చుట్టుకున్నది. "సరే బాపూ. ఎక్కనియ్యి. కాని తీసెముందు గూట్ల ఏమున్నదో చూడనియ్యి. నా పిల్లలు గులాబియి. ఆ రంగు కడిగితే పోదు, నా చేతులు చూడు, ఇంక పోలే. గూట్ల ఒక్క గులాబి ఈక కనవడితె నేనే కోళ్లను గంపలకెత్తి ఇయ్యాల్నే పోత. నన్నెవరు పొమ్మనేది లేదు."

"గట్లనా?" అన్నడు వామన్‌రావు గారు.

"గట్లనే."

భిక్షపతి కరెంటు ఆఫీసుల లైన్‌మ్యాన్. స్తంభాలెక్కే మనిషికి చెట్టెంత? కాని స్తంభం మీద గద్దలుండవు. రెండో కొమ్మ దాక పోయిండో లేదో మగగద్ద వచ్చి నెత్తి మీద గీరింది. "అమ్మో" అని సర్రున దిగిండు. ఆగమ్మ తన కోళ్ల గంప ఇచ్చింది. గంప నెత్తి మీద బోర్లేసుకొని, రుమాలుతోటి గదువ కింద కట్టుకొని మల్ల ఎక్కిండు. ఆ చెట్టు మీద భిక్షపతిని చూసిన కోళ్లు కూడ నడుసుడు ఆపినయి.

"ఏమున్నదిరా?" అని కిందికెళ్లి అందరం.

"పిల్ల ఉన్నది బాపూ. ఒక్కటే. నోరు తెరిచి నా మీదికొస్తున్నది."

"పిల్లను కాదు, ఈకలు చూడు!"

"ఛీఛడాలున్నయి. ఎలుక తోకున్నది. ఇంకో ఎలుక తోక. కాగితాలు. ఎర్ర గుడ్డున్నది, రవికె గుడ్డ లెక్కున్నది."

"నాదే అది!" అని నాగమణమ్మ తన మిద్దె మీదికెళ్లి కేకేసింది. "దండెం మీదికెళ్లి పోయింది!"

"గులాబి ఈకలు?" అన్నది ఆగమ్మ. పైకే చూస్తున్నది, రెప్ప కొడ్తలేదు.

భిక్షపతి చెయ్యి పెట్టి గూడంత కలిపిండు. గద్ద గంప మీద ధన్ ధన్ అని కొడ్తున్నది. "లేవక్కా. ఒక్కటి లేదు. ఓ... ఇదేంది? జరీ అంచు కండువా ఉన్నది. మంచి కండువా. పిల్ల దాని మీదనే పండుకున్నది."

వామన్‌రావు గారు అరుగు దిగి చెట్టు కిందికొచ్చిండు. "అంచు ఏ రంగు?"

"ఆకుపచ్చ బాపూ."

ఆయన భార్య కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. ఆ కండువా కోసం చాకలోన్ని ఈయన అనని మాట లేదు. చాకలోడు అలిగి రెండు నెలలు బట్టలే తీస్కపోలేదు, పాపం ఆమెనే ఉతుక్కున్నది.

"తియ్యాల్నా బాపూ? గూడు?"

వామన్‌రావు గారు కొంచెంసేపు పైకి చూసిండు. "దిగు."

"కండువా?"

"పిల్ల పండుకున్నదంటివి కదరా. దిగు."

అప్పుడు నవ్వు చూడాలె మా గల్లీల. కాని ఆ నవ్వుల వామన్‌రావు గారు ఆగమ్మతోటి అన్న మాట నేను విన్న. "గూడు తప్పు కాదు, ఒప్పుకున్న. కాని వేరే గద్దలైతే వస్తనే ఉన్నయి కద. వాటి సంగతి తేలాలె ఆగమ్మా, ఎట్లనో అట్ల."

"తేలుస్త బాపూ" అన్నది ఆగమ్మ. అని సీదా నాగమణమ్మ మిద్దె మెట్లెక్కింది. ఆమె ఎనుక నేనెక్కిన. నేను పోకుంటె ఎట్ల?

నాగమణమ్మకు మేమెందుకు వచ్చినమో చూడంగనే అర్థమైంది. మనుమన్ని దగ్గరికి గుంజుకున్నది.

"సద్కా ఆపమంటవా ఆగమ్మా? నా మనుమని పానం కంటె నీ కోడిపిల్లలు ఎక్కువనా? నీకేం తెలుసే? వాని ఒళ్లు నిప్పులెక్క కాలుతుంటె ఆ రాత్రులన్నీ..." పోరని నుదురు తడిమి చూసింది.

"ఆపమంటనా అక్కా? ఇయ్యి. వాడు ముసలోడయ్యెదాక ఇయ్యి" అని ఆగమ్మ కింద కూసున్నది. "నాకొక్కటి చెప్పు. ముక్క వాని నెత్తి చుట్టు తిప్పుతవు. వాని మీదున్న బలా ముక్కకు అంటుతది. అంతేనా?"

"అంతే."

"ముక్క గద్దకేస్తవు. గద్ద తింటది. బలా గద్దల పడ్డది."

"అవును."

"తిన్న గద్ద ఎటు పోయింది?"

నాగమణమ్మ తల తిప్పి చూసింది. పిట్టగోడ మీద గద్దలు కూసున్నయి. ఒకటి ముక్కు గోడకు రుద్దుకుంటున్నది. ఇంకోటి రెక్క చాపి ఎండకు పెట్టింది. పోరడు వాటి దిక్కు చెయ్యి చూపి నవ్విండు.

"ఖాదర్ భాయ్ వాళ్లు మూసీ మీద ఎందుకిస్తరక్కా? ఇంట్ల మిద్దెలు లేకనా? తిన్న గద్ద నది మీదికెళ్లి పోవాలె, బలాను అటు తీస్కపోవాలె. నువ్వేమో బలాను తీసి, దానికి తిండి పెట్టి, నీ గోడ మీదనే కూసునవెట్టినవు. నీ ఒక్కదానిదే కాదు, పక్క గల్లీ బలాలు కూడ. ఆ కోర్టు కేసామె బలా ఇందుల ఏదో చూసుకో."

నాగమణమ్మ మొఖం తెల్లగైంది. లేచి, మనుమన్ని సంకనేసుకొని, గద్దల దిక్కు చూడకుండ గబగబ లోపలికి పోయింది. లోపలికెళ్లి కేకేసింది: "గోదా! రేపటి సంది నా మిద్దె మీదికి ఎవ్వరు పొట్లాలు తేవద్దని చెప్పు! గల్లీ గల్లీకి చెప్పు!"

చెప్పిన. మాట మోసుడు నాకెవరు నేర్పాలె?

మెట్లు దిగుతుంటె అడిగిన. "ఏమే ఆగమ్మా, నిజంగ నమ్మే చెప్పినవా, లేకుంటె కోళ్ల కోసమా?"

"ఏం గోదమ్మా, రెండు కలిసి ఉండకూడదా?" అన్నది.

ఆ శుక్రవారం ఆడోళ్లమంత రెండు ఝట్కాలల్ల నయాపూల్‌కు పోయినం. నాకు మాంసంతోటి పని లేదు, వంతెన గోడ కాడ నిలబడి చూసిన. నాగమణమ్మ పొట్లం విప్పి, పోరని నెత్తి చుట్టు తిప్పి, పైకి విసిరింది. గద్ద అందుకొని నీళ్ల మీదికెళ్లి కోర్టు గుమ్మటాలు దాటి పోయింది. అది చుక్కంత అయి కనవడకుండ పోయెదాక నాగమణమ్మ చూసింది. తర్వాత పోరన్ని దింపి, "నడువు, జిలేబి కొనిస్త" అన్నది. అంత తేటగ ఆమె మొఖం ఎన్నడు చూడలే. ఇన్నాళ్లు మిద్దె మీద ఇచ్చినా భయం లోపల్నే ఉన్నట్టుండె.

అరువు గద్దలు వెంటనే పోలేదు. పిట్టగోడ మీద కొన్నాళ్లు ఎదురుచూసినయి. ఆకలికి ఇంకా ఎక్కువ ఎగవడ్డయి. ఆగమ్మ మంచి జాతి పెట్ట పిల్లొకటి అప్పుడే పోయింది. అయినా ఆగమ్మ ఫికర్ చెయ్యలేదు. పిల్లలను కొట్టంల తడక ఎనుక పెట్టి తలుపు కాడ కర్ర పట్టుకొని కూసునేది. "తిండి లేని చోట ఎవరుంటరు గోదమ్మా? మనుషులే ఉండరు" అనేది. ఒకటొకటే తగ్గినయి. మిగిలినవాటిని మా జంట తరుమ వశమైంది. వానలు మొదలయ్యె టైముకు గల్లీ మీద మల్ల రెండే గద్దలు, కండువా మీద పెరిగిన వాటి పిల్ల.

ఆ పిల్ల మొదటిసారి ఎగిరి మా మిద్దె మీద బోర్ల పడ్డనాడు మాదన్నపేట నుంచి మరిది రిక్షా తెచ్చిండు. లొల్లి సంగతి అక్కడిదాక పోయినట్టున్నది.

"వదినా, కోళ్లన్నీ గద్దలు తిన్నయట కద. ఇగ నడువు" అన్నడు.

ఆగమ్మ కొట్టం తలుపు తీసింది. పెట్టలు, పుంజు, కొత్త ఈడు పిల్లలు కలిసి వాకిట్లకు ఉరికినయి. మరిది రిక్షా పక్కకు జరిగిండు, కాళ్లకడ్డం పడ్డయని. పైన గద్ద ఓసారి కిందికి చూసి, ఖాదర్ భాయ్ దుకాణం దిక్కు ఎగిరిపోయింది.

"తిన్నంక ఇన్ని మిగిలినయి తమ్మీ" అన్నది ఆగమ్మ. "కూసో, బువ్వ తిని పో."

తన పొయ్యి మీద వండిన చింతచిగురు పప్పు పెట్టింది. మరిది రెండుసార్లు పెట్టించుకున్నడు. పోయెటప్పుడు ఆగమ్మ ఓ పెట్ట కాళ్లు కట్టి రిక్షాల పెట్టింది.

"ఇది పొదుగుకు వచ్చింది. మీ ఇంటామెకియ్యి. పిల్లలను లేపుమను" అన్నది. రిక్షా కదిలినంక ఎనుక నుంచి మల్ల కేకేసింది: "మీ దిక్కు గద్ద గూడు ఏ చెట్టు మీదున్నదో చూసుకొని, దాని కిందనే కట్టెయ్యుమను!"